గాలిమరకు మూడు ప్రశ్నలు

అనగనగా ఒక అడవి. అడవి అన్నానని పచ్చగా ఊహించుకోకండి పిల్లలూ! అక్కడున్నవి నాలుగు ఎర్రమట్టి గుట్టలు, వాటి మధ్య పెద్ద గడ్డిబీడు, బీడు చివర ఒక దొరువు. దొరువంటే నేలలో లోతుగా తవ్విన నీళ్ల గుంట. ఆ నీళ్లే అన్ని జంతువులకూ ప్రాణం. ఎండాకాలం వస్తే అవి అడుగుకు పోయేవి. జింకలు మెడలు ఎంత చాచినా అందేవి కావు.

అందుకే దొరువు గట్టున ఒక పొగమర ఉండేది. బండెన్న అనే ఎలుగుబంటి తాతల నాడు పెట్టిన మర అది. కట్టెలు తింటుంది, పొగ కక్కుతుంది, నీళ్లు తోడుతుంది. బండెన్న దానికి పొద్దస్తమానం కట్టెలు వేసేవాడు. అందరూ వచ్చి నీళ్లు తాగి, దగ్గుకుంటూ ఇళ్లకు పోయేవారు. ఆ దగ్గు ఎందుకొస్తోందని ఎవరూ అడిగేవారు కాదు. అలవాటైపోయింది మరి.

ఆ గడ్డిబీడులో ఓబులమ్మ అనే బట్టమేక పిట్ట ఉండేది. పిట్ట అన్నానని పిచ్చుకంత అనుకునేరు, నిలబడితే మీ నడుము దాటుతుంది! అది నేల మీదే గుడ్డు పెడుతుంది. అదీ ఏడాదికి ఒక్కటే. పక్కలకు చూపు బాగా ఆనుతుంది, ఎదుటికి మాత్రం అంతంత మాత్రం. ఓబులమ్మ అబద్ధమాడగా ఆ అడవిలో విన్నవాళ్లు లేరు.

ఒకనాడు సుంకన్న అనే కోతి పొరుగడవి నుంచి గంతులేసుకుంటూ వచ్చాడు.

"గాలిమర పెట్టుకుందాం!" అని అరిచాడు. "గుట్ట మీద ఇంతింత రెక్కలు తిరుగుతాయి. దాని శక్తి తీగల్లోంచి దిగొచ్చి నీళ్లు తోడుతుంది. కట్టెలు అక్కర్లేదు, పొగ లేదు. గాలికి ఖర్చేముంది? అంతా ఊరికినే!"

బండెన్న గుర్రుమన్నాడు. "ఊరికినే వచ్చేది ఏదీ లేదురా! ఆ రెక్కలు పిట్టల్ని కొడతాయి. అది గుట్టల్ని మింగి పుట్టిన మర. మాకొద్దు!"

మాటా మాటా పెరిగింది. అప్పుడు దొరువుకు కాపలా ఉండే ఉడుమవ్వ తోకను నేలకేసి టప్పున కొట్టింది. ఆ అడవిలో ఒక ఆచారముంది. దొరువు దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా అవ్వ మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఏం తింటావు? ఎవరిని కొడతావు? పోయాక యాడ పడుకుంటావు? జవాబు నచ్చితేనే చోటు.

"పులినీ అడిగినాను, చీమనీ అడిగినాను. గాలిమరనూ అడగాల్సిందే," అంది అవ్వ.

"దానికి నోరు యాడుందవ్వా?" అన్నాడు సుంకన్న.

"దానికి నోరు లేకపోతే మనకు కళ్లు లేవా? ఓబులమ్మా, నువ్వు పొరుగడవికి పోయి చూసి రా. నువ్వు చెప్పిందే తీర్పు."

పోయినేడు ఓబులమ్మ అక్క ఆ పొరుగడవిలోనే గాలిమర తీగకు తగిలి చచ్చిపోయింది. గాలిమర పేరు వింటేనే ఆమెకు కడుపు మండుతుంది.

ఆమె రెక్కలు విప్పేలోపే బండెన్న దగ్గరికొచ్చాడు. "కోడలా, మీ అక్కను చంపిన మర అది. వచ్చినాక ఆ ఒక్క మాట చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటా," అని గొణిగాడు. అతను అటు పోగానే సుంకన్న వచ్చాడు. "అక్కా, ఆ తీగ సంగతి మాత్రం ఎత్తొద్దు. ఎత్తితే జింక పిల్లలకు నీళ్లుండవు, ఆలోచించుకో," అన్నాడు.

"చూసిందంతా చెబుతా. సగం చెప్పడం నాకు చేతకాదు," అని ఓబులమ్మ ఎగిరిపోయింది.

మొదట గాలిమర ఏం తిన్నదో చూడబోయింది. పొరుగడవి అవతల ఒక గుట్టను సగానికి తవ్వేశారు. ఇనుము కోసం, రాగి కోసం. కింద వాగు ఎర్రగా పారుతోంది. ఒక కొంగ అందులో దిగాలుగా నిలబడి ఉంది.

"ఆ మర పుట్టేటప్పుడు మా గుట్టను తినింది తల్లీ," అంది కొంగ. "తినేసి పోయింది, మళ్లీ రాలేదు. కానీ తిన్న గుట్ట మళ్లీ మొలవదు గదా!"

తరవాత గాలిమర ఎవరిని కొట్టిందో చూడబోయింది. రెక్కల కింద గబ్బిలాలు చచ్చి పడి ఉన్నాయి. ఆ పక్కన తీగ. తల పక్కకు తిప్పితే తప్ప అది ఓబులమ్మకు కనిపించలేదు. తీగ కింద ముళ్లకంపలో ఒక పాత ఈక చిక్కుకుని ఉంది. అక్క ఈక. ఓబులమ్మ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

చివరికి పాత గాలిమరలు పోయాక యాడ పడుకున్నాయో చూడబోయింది. ఒక వంకలో విరిగిన రెక్కలు కుప్పగా పడి ఉన్నాయి. వాటి మీద ఒక చెదపురుగు నీరసంగా కూచుంది.

"రాయిలాంటి చండ్ర మానునైనా మన్ను చేసే జాతి మాది," అంది చెదపురుగు. "మా తాత కొరికాడు, మా నాయన కొరికాడు, ఇప్పుడు నేను కొరుకుతున్నా. మా పళ్లు అరిగాయి గానీ ఇది అరగలేదమ్మా!"

ఓబులమ్మ కోపంగా తిరుగు దారి పట్టింది. గాలిమర వద్దు గాక వద్దు అని చెప్పేయాలనుకుంది. అలా అనుకుంటూనే తన అడవి మీదికి వచ్చింది. అంత ఎత్తు నుంచి ఆమె దాన్ని చూసి చాన్నాళ్లయింది.

నాలుగు గుట్టల్లో మూడు బోడిగా ఉన్నాయి. చెట్లు పోయి మొద్దులు మిగిలాయి. దొరువు గట్టున బూడిద ఇంకో గుట్టలా పెరిగింది. మరి ఈ పొగమరను ఎవరడిగారు?

మర్నాడు అందరూ దొరువు దగ్గర చేరారు. ఓబులమ్మ గుట్ట సంగతి, గబ్బిలాల సంగతి, తీగ సంగతి, అరగని రెక్కల సంగతి అన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు. సుంకన్న తల వేలాడేశాడు. బండెన్న చంకలు గుద్దుకున్నాడు.

"విన్నారుగా! ఇంక గాలిమర మాట ఎత్తకండి!"

"ఆగు మామా, నా మాట అయిపోలేదు," అంది ఓబులమ్మ. "అవ్వా, పొగమరను ఎప్పుడైనా మూడు ప్రశ్నలు అడిగావా?"

ఉడుమవ్వ కళ్లు టపటపలాడించింది. "అది నేను పుట్టకముందే ఉందే! పాతవాళ్లను అడగడం మన ఆచారం కాదు."

"అయితే ఈ పొద్దు అడుగుదాం. మామా, పొగమర ఏం తింటుంది?"

"కట్టెలు. అందరికీ తెలిసిందేగా."

"నిన్న ఏం తినింది?"

"కట్టెలే."

"రేపు ఏం తింటుంది?"

బండెన్న చెట్లు మిగిలిన ఆ ఒక్క గుట్ట వైపు చూశాడు.

"ఎవరిని కొడుతుంది?" అంది ఓబులమ్మ.

జింక పిల్ల ఒకటి ఖళ్లు ఖళ్లుమని దగ్గింది. తల్లి జింక దాన్ని పొదువుకుంది.

"అది తిన్నదంతా పోయి యాడ పడుకుంటోంది?"

"బూడిదై... ఈ గట్టు మీదే," అన్నాడు బండెన్న చిన్నగా. "వానొస్తే దొరువులోకే పోతుంది."

ఓబులమ్మ అందరి వైపూ తిరిగింది. "గాలిమర పుట్టేటప్పుడు ఒక్కసారి గుట్టను తినింది. పొగమర పొద్దున తిని, సాయంత్రానికి మళ్లీ ఆకలంటుంది. మా అక్కను గాలిమర తీగే చంపింది. అది నేను చచ్చేదాకా మరిచిపోను. కానీ నా ఏడుపు పెద్దదని పొగమర తప్పు చిన్నదైపోదు. గాలిమరే రావాలి. అయితే ఊరికినే కాదు!"

సుంకన్న గంతేయబోయి ఆగిపోయాడు.

"తమ్ముడూ, కొత్త గుట్ట తవ్వొద్దు. పొరుగడవిలో పాడుబడిన గాలిమరల ఇనుము తెచ్చుకో. గడ్డిబీడు మీదుగా తీగ లాగొద్దు, చుట్టూ తిప్పు. తీగ పొడుగునా ఎండిన సొరకాయ బుర్రలు కట్టు. అవి కనబడాలి, గాలికి గలగలమనాలి. గబ్బిలాలు తిరిగే సందెవేళ రెక్కలు ఆగాలి. పాతబడిన రెక్కల్ని వంకలో పారేయొద్దు. వాటితో జింకలకు పందిరి వెయ్యి."

"అట్లయితే పని పెరుగుతుందక్కా! సందెవేళ నీళ్లు తగ్గుతాయి!" అని గోల పెట్టాడు సుంకన్న.

"తగ్గనీ. సందెవేళ ఒక గుక్క తక్కువ తాగుదాం. ఆ గుక్కే గాలిమర అసలు ఖర్చు. దాచిపెట్టి ఇంకొకరి నెత్తిన రుద్దేకంటే, తెలిసి మనమే భరిద్దాం."

"మరి నా పని?" అన్నాడు బండెన్న.

"సందెవేళ రెక్కలు ఆపే తాడు నీ చేతిలోనే ఉంటుంది మామా. సుంకన్నకిస్తే మరిచిపోతాడు. మిగతా పొద్దంతా ఆ బోడి గుట్టల మీద మొక్కలు నాటు."

అందరూ నవ్వారు. సుంకన్నా నవ్వాడు. ఉడుమవ్వ తోకతో నేలను తట్టింది. తీర్పు అయిపోయింది.

వానలు పడ్డాయి. గడ్డిబీడులో ఓబులమ్మ గుడ్డు పెట్టింది. గుట్ట మీద గాలిమర తిరిగింది. దొరువు నీళ్లు పైకి వచ్చాయి. ఎవరూ దగ్గలేదు.

ఓబులమ్మ పిల్ల పెరిగి, ఒకనాటి సాయంత్రం మొదటిసారి పైకి ఎగిరింది. ఎగిరే సంబరంలో బీడు దాటి సూటిగా తీగ వైపే పోయింది. అప్పుడే గాలి వీచింది. సొరకాయ బుర్రలు గలగలమన్నాయి. పిల్ల ఉలిక్కిపడి తల పక్కకు తిప్పింది, తీగను చూసింది, కిందుగా జారి వెనక్కి వచ్చేసింది. గుట్ట మీద బండెన్న తాడు లాగాడు. రెక్కలు మెల్లగా ఆగాయి.

"అమ్మా, ఆ బుర్రలు ఎందుకు కట్టినారు?" అంది పిల్ల రొప్పుతూ.

ఓబులమ్మ దాన్ని రెక్క కిందికి లాక్కుంది.

"మీ పెద్దమ్మకు ఎవరూ కట్టలేదు బంగారూ. అందుకని."

నీతి: కొత్తదాన్ని అడిగే ప్రశ్నలు పాతదాన్నీ అడగాలి. ఖర్చును దాచకుండా చెప్పుకున్నవాళ్లే దాన్ని తగ్గించుకోగలరు.