మూడు వందల ఎర్రచుక్కలు

అనగా అనగా, మనకు తూర్పున ఏడు రేవులు దాటి పోతే, వేన్‌లూ అనే రాజ్యం. పోయినవాళ్ళను మరిచిపోవడం అక్కడ మహాపాపం. ప్రతి ఇంటా పెద్దల పేర్లు చెక్కిన కొయ్యపలకలు ఉండేవి. వానాకాలపు పున్నమి నాడు బౌద్ధ భిక్షువులు మంత్రాలు చదువుతుంటే, ఆ పలకల ముందు అన్నం గిన్నెలు పెట్టేవారు.

అయితే ఊరికే పేరు చెక్కితే చాలదు. మనిషి ఎలా పోయాడో పలక వెనుక రాసి, పైకి చదివి, ముందువైపు ఎర్రచుక్క పెట్టాలి. అప్పుడే పోయినవాడు వచ్చి అన్నం ముట్టుకుంటాడు. రాసింది అబద్ధమైతే గడప దాటలేక, వాకిట్లోనే ఆకలితో నిలబడిపోతాడని వాళ్ళ నమ్మకం.

ఆ పలకలు చెక్కేది సూమే అవ్వ; చుక్క పెట్టే హక్కు కూడా ఆమెదే. ఆమెకు లిన్ ఒక్కడే కొడుకు. రాజుగారి ఆనకట్ట పనికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. వరద ముంచుకొచ్చిన రోజున, గండి పూడేదాకా ఎవడూ పైకి రాకూడదని రాజు నిచ్చెనలు లాగించేశాడు. అడుగున ఉన్న మూడు వందల మందీ నీళ్ళపాలయ్యారు. కట్ట మాత్రం నిలిచింది.

పున్నమి దగ్గరపడింది. తల్లుల ఏడుపు కోట దాకా వినబడుతుంటే, రాజు మూడు వందల పలకలు చెక్కమన్నాడు. వెనుక ఏం రాయాలో కూడా తనే చెప్పాడు: “వరదలో కొట్టుకుపోయాడు.”

అవ్వ పేర్లు చెక్కింది. వెనుకవైపు ఖాళీగా వదిలేసింది.

మొదట మంత్రి పట్టుబట్టలు పట్టుకుని వచ్చాడు. “వరద వచ్చిందా, లేదా? రెండు మాటలేగా అవ్వా, రాసి పారెయ్!”

“వరద వచ్చిన మాట నిజమే బాబూ. మరి నిచ్చెనల మాటో?”

మంత్రి బట్టలు మళ్ళీ మూట కట్టుకున్నాడు.

తరువాత సేనాపతి వచ్చాడు. మాటలతో పని పెట్టుకోలేదు. అవ్వ కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టించి వెళ్ళాడు. పాపిష్టివాడు! వాడి తండ్రి పలక చెక్కింది ఆ వేళ్ళే.

మూడోసారి రాజే వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు. “నీ కొడుకు పలక ముందు వరుసలో పెట్టిస్తాను. నా వంశం ఉన్నంత కాలం వాడికే మొదటి గిన్నె. కన్నబిడ్డను పస్తు పెడతావా?”

అవ్వ పట్టు అక్కడ సడలింది. లిన్ ఆకలికి ఓర్చుకోలేడు. చిన్నప్పుడు అన్నం ఉడికేలోగా రెండుసార్లు మూత తీసి చూసేవాడు. ఆమె ఎడమచేత్తో కుంచె అందుకుంది. పలక దాకా తీసుకువెళ్ళింది. మళ్ళీ కింద పెట్టేసింది.

“అబద్ధం రాస్తే వాడు గడపే దాటలేడు మహారాజా. గిన్నె మొదటిదైతే ఏం, చివరిదైతే ఏం?”

పున్నమి వచ్చింది. చుక్కలు లేని పలకల ముందే రాజు పండుగ జరిపించాడు. అన్నం కాకులు తిన్నాయి. తల్లులు ఇళ్ళకు పోయి తలుపులు వేసుకున్నారు.

మరుసటి ఏడు రాజు జబ్బుచేసి పోయాడు. పున్నమి నాటి ఉదయం రాకుమారుడు జియావో, తానే చెక్కి, జబ్బుతో పోయాడని వెనుక రాసిన తండ్రి పలక పట్టుకుని వచ్చాడు.

“చుక్క పెట్టు అవ్వా. నాన్నగారు పస్తు ఉండకూడదు.”

“ముందొచ్చినవాళ్ళు వాకిట్లో ఉన్నారు బాబూ, మూడు వందల మంది. వాళ్ళ పంక్తి లేవనిదే మీ నాన్నకు గిన్నె పెట్టను.”

రాకుమారుడు తండ్రి పలక పక్కన పెట్టాడు. ఆపైన తల్లులందరినీ పిలిపించి, వాళ్ళ ఎదుటే తన చేత్తో ఒక్కొక్క పలక వెనుక రాశాడు, పైకి చదివాడు: “రాజు నిచ్చెన లాగించేస్తే, మునిగి చనిపోయాడు.” లిన్ పలక దగ్గర ఆగి, అవ్వ వైపు తిరిగాడు.

“ఆ నిచ్చెనలు లాగినవాళ్ళలో నేనూ ఉన్నాను అవ్వా.”

అవ్వ అతన్ని క్షమించలేదు. అతను ఆ మాట అడగనూ లేదు. ఆమె ఎడమచేత్తో మూడు వందల చుక్కలు పెట్టింది. అన్నీ వంకరే. తల్లులు గిన్నెలు తెచ్చారు. అవ్వ కూడా కొడుకు ముందు గిన్నె ఉంచి, తనే మూత తీసి, “తిను నాయనా” అంది.

అందరి వడ్డనా అయ్యాక, అన్న మాట తప్పకుండా, రాజు పలకకూ ఒక చుక్క పెట్టింది.

పిల్లలూ, పోయినవాళ్ళకు ముందుగా వడ్డించవలసింది నిజం; అన్నం ఆ తరువాతే.