పలక మీద లేని మాట

పని సరిగ్గా చెప్పడం చేతకాక, చేసినవాణ్ణి తిట్టే అలవాటు నీకూ ఉంది. తల తిప్పుకోకు, విను.

చిత్రకోన అనే చిన్న రాజ్యాన్ని వీరకేతుడు ఏలేవాడు. పూటకో పొగడ్త వినకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. ఒకసారి ఓడల వర్తకులు ఆయనకు ఒక మరబొమ్మను కానుకగా ఇచ్చారు. చెప్పిన పనల్లా చేసేది. కానీ ఏ పనిముట్టు ఎందుకో దానికి తెలియదు. పనిముట్ల కొట్టులో ఒక్కోదానికి కట్టిన చెక్క పలకను చదివి, చెప్పిన పనికి ఏ మాట దగ్గరగా ఉంటే ఆ పనిముట్టు పట్టుకునేది.

పలకలు రాసింది మహామంత్రి దండపాణి. తనంత కవి లేడని, తన మీసమంత మీసం లేదని ఆయన గర్వం. ముల్లు తీసే శ్రావణం మీద "ప్రభువు కరుణవలె సున్నితమైనది" అని రాశాడు. గునపం మీద "లోతున నాటుకున్న శత్రువును పెకలించునది" అని రాశాడు. రాజు మురిసిపోయాడు.

ఒకనాడు పట్టపుటేనుగు కాలిలో ముల్లు దిగింది. "లోతుగా నాటుకుంది, పెకలించు" అని బొమ్మకు చెప్పారు. అది గునపం తెచ్చింది. మావటి అడ్డుపడేలోగా ఏనుగు పాదం చీలింది.

"కొట్టు కాపరి ఓబయ్య పలకలు తారుమారు చేశాడు ప్రభూ" అన్నాడు మంత్రి.

"రేపు సభలో వాడి కుడిచెయ్యి తీయించండి" అన్నాడు రాజు.

ఆస్థానంలో బొల్లన అనే మాటకారి ఉన్నాడు. అతను కొట్టుకు వెళ్లి పలకలన్నీ చదివాడు. ఏదీ మారలేదు. గుమ్మంలో ఓబయ్య కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అయ్యా, నేను వాటిని ముట్టుకోలేదు."

"తెలుసు ఓబయ్యా" అన్నాడు బొల్లన. కానీ మంత్రి రాత తప్పంటే అందులోని రాజుగారి పొగడ్తా తప్పే. అప్పుడు తెగేది ఒక చెయ్యి కాదు, తనదీ కలిపి రెండు.

మర్నాడు సభలో అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, మంత్రిగారి పలకల ప్రతిభ అందరూ చూడాలి. ముందుగా అవి తారుమారు కాకుండా ఉన్నాయో లేదో వారే చూసి చెప్పాలి."

మంత్రి కొట్టంతా తిరిగి వచ్చాడు. "ఎక్కడివక్కడే ఉన్నాయి. నా అక్షరం నేను గుర్తుపట్టలేనా?"

"అయితే బొమ్మ చేత తమరు గడ్డం గీయించుకోండి."

మంత్రి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం దండపాణీ, నీ రాత మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు రాజు. మంత్రి పీట మీద కూర్చోక తప్పలేదు.

"మంత్రిగారి గడ్డం గరుకు పోయేలా నున్నగా చెయ్యి" అని బొమ్మకు చెప్పి, బొల్లన దాన్ని ఆపడానికి వీపు మీదున్న మీట మీద వేలుంచి వెంటే నడిచాడు. బొమ్మ మంగలికత్తి తీస్తే ఓబయ్య చెయ్యి పోతుంది. మరేదైనా తీసినప్పుడు తాను మీట నొక్కడం ఆలస్యమైతే మంత్రి తల పోతుంది.

బొమ్మ మంగలికత్తి దగ్గర ఆగింది. "మహారాజు ముఖమువలె తేజోవంతము" అని చదివింది. అది ముందుకు కదిలి వడ్రంగి బాడిస దగ్గర నిలిచింది. "గరుకును హరించి నునుపును ప్రసాదించునది."

బాడిస ఎత్తి మంత్రి వైపు నడిచింది.

"ఆపండయ్యా. అది కొయ్య చెక్కే బాడిస. మనిషి ఒంటికి తాకించకూడదు. గడ్డానికి ఆ సన్నకత్తి" అని మంత్రి పీట కిందికి దూరాడు.

బొల్లన మీట నొక్కాడు. "ఈ మాట పలక మీద ఎక్కడుంది మంత్రివర్యా? పీట కింద ఇంత చక్కగా చెప్పినవారు పీట మీద కూర్చుని రాయలేకపోయారా?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. తన పొగడ్త కూడా ఆ నవ్వులో కొట్టుకుపోయిందని ఆయనకు తోచలేదు. ఓబయ్య శిక్ష రద్దు చేసి, తన చేతి కడియం తీసి బొల్లనకు తొడిగాడు. పలకలన్నీ మంత్రే తిరగరాయాలని, రాసిన ప్రతి పలకనూ ముందు తన మీదే పరీక్షించుకోవాలని ఆజ్ఞాపించాడు.

మంత్రి మొదట మంగలికత్తి పలక రాశాడు. "మనిషి ముఖం మీది వెంట్రుకలు గీయడానికి." తృప్తిగా పీట మీద కూర్చున్నాడు.

బొమ్మ ఆ మాట ప్రకారమే పని చేసింది. గడ్డంతోపాటు మీసం కూడా పోయింది. ఉంచమని పలక మీద లేదు మరి.