కత్తెర పట్టిన ఫొటో

అనగనగా, కెమెరాలు వచ్చేశాక, పిట్టలు మాట్లాడడం ఇంకా మానకముందు, గానుగలపాడు అని ఒక ఊరుండేది. ఊరి పక్కన వాగు. వాగు ఒడ్డున గానుగ తోపు. ఆ తోపుకు రాని పిట్ట లేదు.

ఊళ్ళో కొందరు కలిసి పిట్టల ఫొటోల సంఘం పెట్టుకున్నారు. తలా కాస్త వేసుకుని ఒక పెద్ద లెన్స్ కొన్నారు. అది సంఘం పెద్ద భద్రయ్య గారి వసారాలో, ఒక చెక్కపెట్టెలో ఉండేది. వంతులవారీగా తీసుకువెళ్ళేవారు. తిరిగి ఇచ్చే ఆదివారం సాయంత్రం అందరూ వసారాలో చేరేవారు.

వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. లెన్స్ తీసుకువెళ్ళినవారు ముందు తాము చేసిన తప్పు చెప్పాలి. ఆ తరువాతే ఫొటో చూపించాలి.

"ఎర్ర చొక్కా వేసుకుపోయాను, కొంగలన్నీ లేచిపోయాయి" అని ఒకరు చెప్పేవారు. "పిట్ట కూతను ఫోనులో వినిపించాను. పాపం, అది లేని పగవాడి కోసం పొద్దంతా వెతుక్కుంది" అని ఇంకొకరు చెప్పేవారు. విన్నవాళ్ళు మళ్ళీ ఆ తప్పు చేసేవారు కాదు. ఒకరి పొరపాటు పదిమందికి చదువయ్యేది. ఎంత మంచి కట్టుబాటు! దాన్ని ఎంత సులువుగా పాడుచేసుకున్నారో వినండి, మీకే ఒళ్ళు మండుతుంది.

ఒక వేసవిలో తోపుకు తోకపిట్టలు వచ్చాయి. మగపిట్టకు తెల్లని రిబ్బను లాంటి పొడవాటి తోక. మూడు జంటలు మూడు గూళ్ళు కట్టాయి. గూడంటే అరచేతిలో పట్టేంత దొప్ప, దాని చుట్టూ దట్టంగా ఆకులు.

మొదటి వంతు పరాంకుశానిది. అతను బట్టల వర్తకుడు. ఎండను ఎటు పెట్టుకోవాలో భద్రయ్య గారి దగ్గర నేర్చుకున్నాడు. కదలకుండా కూర్చోవడం ఇస్మాయిల్ దగ్గర నేర్చుకున్నాడు. గూడున్న చెట్టును బడిపంతులమ్మ హైమవతి చూపించింది. తీసుకోవడానికి అతనికి రెండు చేతులూ ఉండేవి. ఇవ్వడానికి ఒక్కటీ లేదు.

గూటి ముందు ఆకులు అడ్డొచ్చాయి. పరాంకుశం జేబులోంచి బట్టల కత్తెర తీశాడు. అడ్డొచ్చిన రెమ్మనల్లా కత్తిరించాడు. గూడు బట్టబయలైంది. తండ్రిపిట్ట వచ్చి వాలింది, పిల్లలు నోళ్ళు తెరిచాయి, ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మధ్యాహ్నానికి ఎండ నేరుగా గూటిలో పడింది. మర్నాడు పొద్దున్నే కాకి వచ్చింది. పరాంకుశం చూస్తూనే ఉన్నాడు. లెన్స్‌కు మూత పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే ఆదివారం సభ. "తప్పేమైనా ఉందా?" అని భద్రయ్య గారు అడిగారు.

"తప్పేముందండీ? నిన్న నాలుగు రెమ్మలు కత్తిరించి ఈ ఫొటో తీశానంతే. ఈ పొద్దున్నే పిల్లలు సుఖంగా ఎగిరిపోయాయి" అని పరాంకుశం ఫొటో విప్పాడు.

ఇంకేముంది! "ఆ వెలుగు చూడండి!" అన్నారొకరు. "ఆ తోక చూడండి!" అన్నారింకొకరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోను వసారా గోడకు తగిలించారు. రెమ్మలు కత్తిరించడం కూడా ఒక విద్యేనని అందరూ నేర్చుకున్నారు.

రెండో వంతు హైమవతిది. పెద్దమనిషి చెప్పాడు కదా అని నమ్మింది. అతని కత్తెరే అడిగి తీసుకుంది. రెండో గూటి చుట్టూ రెమ్మలు కత్తిరించింది. ఎండెక్కేసరికి పిల్లలు తలలు వాల్చేశాయి. ఆమె ఫొటో మాట మరిచి, పమిట చాచి నీడ పట్టింది. చీకటిపడి ఇంటికి వెళ్ళక తప్పలేదు. తెల్లారి వచ్చి చూస్తే గూడు ఖాళీ. పైకొమ్మ మీద కాకి ముక్కు తుడుచుకుంటోంది.

ఆమె పరుగున పరాంకుశం దుకాణానికి వెళ్ళింది. "పరాంకుశం గారూ, మీ గూట్లో పిల్లలు నిజంగా ఎగిరాయా?"

"మెల్లగా, అమ్మా, జనం ఉన్నారు. ఎగిరాయనే చెప్పాను కదా! నువ్వే ఎక్కువ కత్తిరించి ఉంటావు. సభలో ఈ మాటెత్తకు. పిట్టల్ని చంపినదానివని నలుగురూ అంటారు. లెన్స్ ఇక నీ చేతికివ్వరు."

చూశారా ఆ నీచుడి తెలివి! తన పాపాన్ని ఆమె నెత్తిన రుద్ది, పైగా నోరు కుట్టేసుకోమన్నాడు. ఆమె ఏడుస్తూ ఇంటికి వెళ్ళింది. కానీ మూడో గూడు ఇంకా ఉంది. మూడో వంతు ఇస్మాయిల్‌ది.

ఆదివారం వచ్చింది. ఇస్మాయిల్ కొత్త కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హైమవతి లేచి నిలబడింది.

"నా దగ్గర ఫొటో లేదు. తప్పే ఉంది. రెమ్మలు కత్తిరించాను. పిల్లలు చచ్చిపోయాయి. ఇస్మాయిల్ భాయ్, ఆ కత్తెర అవతల పారెయ్యండి."

పరాంకుశం నవ్వాడు. "చేతకానివాళ్ళు కత్తెర పట్టకూడదమ్మా. నా గూటి పిల్లలు ఎగరలేదూ?"

హైమవతికి కోపం ఆగలేదు. గోడ మీది ఫొటో లాగి అందరి మధ్యా పెట్టింది. "వెలుగు చూసింది చాలు. తోక చూసింది చాలు. పిల్లల్ని చూడండి! వాటి ఒంటి మీద ఒక్క ఈక ఉందా? కనీసం కళ్ళు తెరుచుకున్నాయా? కళ్ళు తెరవని పిల్లలు మర్నాటికే ఎలా ఎగిరాయి, పరాంకుశం గారూ?"

అందరూ ఫొటో మీదికి వంగారు. రాలిన ఈకను చూసి పిట్ట పేరు చెప్పగలవాళ్ళు వాళ్ళంతా. ఆ ఫొటోను వారం రోజులుగా చూసి మెచ్చుకున్నవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరికి పిల్లలు కనబడలేదు!

అప్పుడు మొదటి గూటి తల్లిపిట్ట వచ్చి చెక్కపెట్టె మీద వాలింది. తల్లిపిట్టకు పొడవాటి తోక ఉండదు, అందుకని దానికెవరూ ఫొటో తీయరు.

"ఎలా ఎగిరాయో నేను చెబుతాను" అంది. "కాకి నోట కరుచుకుంటే ఎగిరాయి! ఈ మనిషి చూస్తూ నిలబడ్డాడు. ఆకులు మీకు అడ్డమా? అవే మాకు గోడలు, అవే మాకు కప్పు. మీ ఇంటి కప్పు నేను పీకేస్తే, లోపల మీరు బాగా కనబడుతున్నారని చప్పట్లు కొడతారా? మొదటి గూడు ఇతని కత్తెరకు పోయింది. రెండోది మీ చప్పట్లకు పోయింది!"

భద్రయ్య గారు తలదించుకున్నారు. "నిజమే, తల్లీ. ఫొటో బాగుందని నేనే ఇంకో ప్రశ్న వేయలేదు."

హైమవతి చేతులు జోడించింది. "నేనిక లెన్స్ ముట్టను."

"ముట్టు" అంది తల్లిపిట్ట. "నిన్ను నేను క్షమించలేదు. కానీ నువ్వు నోరు విప్పావు కనుక మూడో గూడు మిగిలింది." ఆ మాట అని తోపు వైపు ఎగిరిపోయింది.

సంఘం ఆ రోజే తీర్పు చెప్పింది. పరాంకుశానికి ఇక లెన్స్ లేదు. అతని ఫొటో మాత్రం గోడ మీదే ఉంటుంది. కొత్తగా చేరిన ప్రతివారికీ, దాని కింద నిలబడి, మర్నాడు ఏం జరిగిందో అతనే తన నోటితో చెప్పాలి. పరాంకుశం గింజుకున్నాడు, కేకలు వేశాడు. ఎవరూ వినలేదు. చివరికి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నేల చూపులు చూసేవాడు. చూడనీ!

ఇస్మాయిల్ దూరంగా కూర్చుని మూడో గూటిని ఫొటో తీశాడు. అందులో నిండా ఆకులే. ఆకుల సందున సగం తోక, ఒక బుల్లి ముక్కు. దాన్ని చూసి ఎవరూ ఆహా అనలేదు. అయితేనేం? ఆ గూటి పిల్లలు రెక్కలొచ్చి, వాగు దాటి, తమంతట తామే ఎగిరిపోయాయి.

నీతి: గెలుపును పంచి తప్పును దాచేవాడు నేర్పేది విద్య కాదు, విషం, అడగకుండా చప్పట్లు కొట్టేవాళ్ళకూ ఆ పాపంలో వాటా ఉంది.