జానెడు గుడ్డ నడిచిన దూరం

నేత నేర్చుకునేవాళ్ళు ఏది అడిగినా నాగేశం ముందు వాళ్ళ గుడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టి చూసేవాడు. జవాబు ఆ తర్వాతే.

ఒక శుక్రవారం ఉదయం ఆదెమ్మ మగ్గం ఆపి అడిగింది. "అయ్యా, నాడె పొద్దస్తమానం అటూ ఇటూ పరిగెడుతుంది. గుడ్డ చుట్టుకునే కర్ర ఉన్నచోటే తిరుగుతుంది. ఇంతా కదిలితే గుడ్డ ముందుకొచ్చేది జానెడు. ఈ కదలికంతా ఎక్కడికి పోతోంది?"

అడగడానికి కారణం ఉంది. భర్త చెయ్యి పనికిరాకుండా పోయాక ఆమె నేతకు దిగింది. సోమవారానికి నాలుగు మూరల తువ్వాలు సొంతంగా నేసి చూపిస్తే చేనేత సంఘం మగ్గం ఇస్తుంది. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది.

నాగేశం గుడ్డ పట్టి చూశాడు. మొదట నేసిందంతా గట్టిగా ఉంది. నిన్న నేసిన జానెడు మాత్రం వేళ్ళకు వదులుగా తగిలింది. తన భుజం మీది తువ్వాలు తీశాడు. రెండిటి వెడల్పూ ఒకటే.

"నీ జానే పెట్టు," అన్నాడు. ఆమె కొలిచిన మేరకు అడ్డపోగు విప్పి కండెకు చుట్టాడు. కొసను గుమ్మానికి కట్టి, కండె ఆమె చేతిలో పెట్టాడు. "అయిపోయేదాకా నడువు. అడుగులు లెక్కపెట్టు."

ఆదెమ్మ వీధంట దారం వదులుతూ నడిచింది. "ఏమే, గాలిపటం మరిచిపోయి దారమొక్కటే తెచ్చుకున్నావా?" అంది అరుగు మీది పొరుగామె. ఆదెమ్మ నవ్వలేదు. నవ్వితే లెక్క తప్పుతుంది. రైలుగేటు దగ్గర దారం అయిపోయింది. మూడు వందల తొంభై అడుగులు.

"ఇప్పుడు నీది," అన్నాడు నాగేశం.

"నిన్నటి పనంతా విప్పెయ్యమంటారా?"

"నడవమంటున్నాను."

ఆమె పళ్ళు బిగించి తన జానెడూ విప్పింది. ఆ దారం పిండిమర దగ్గరే ఆగిపోయింది. రెండు వందల తొంభై. అక్కడి నుంచి రైలుగేటు కనబడుతోంది. అడ్డపోగును గట్టిగా కొట్టి బిగించకపోతే గుడ్డ తొందరగా పెరుగుతుందని ఆమెకెవరూ నేర్పలేదు. తొందరలో చేతులే కనిపెట్టాయి. ఆ రెండు చోట్ల మధ్య ఖాళీ దారిని కాసేపు చూసి, తిరిగొచ్చి మగ్గం గుంటలో దిగింది.

సోమవారం సంఘం కార్యదర్శి ఎండన పడి వచ్చాడు. కొలిచాడు. "జానెడు తక్కువ, నాగేశం మావా. నాలుగు మూరలన్నాం కదా."

"తక్కువే," అంది ఆదెమ్మ. "పలచన చేసుంటే సరిపోయేది. చెయ్యను."

కార్యదర్శి నుదుటి చెమట చేత్తో తుడుచుకున్నాడు. నాగేశం తన భుజం మీది తువ్వాలు తీసి అతనికి అందించాడు.

"ఇదీ జానెడు తక్కువే. ముఖం తుడుచుకో."