పేరిందేవి పెరటి కిటికీ

అనగనగా ఒక ఊరు. ఎక్కడో అనుకునేవు, నీ ఈడు పిల్ల మల్లిక పొట్టలో, పేగు గోడ మీదే! గోడ పొడుగునా కణాలనే బుల్లి ఇళ్ళే. అందులో ఒక ఇల్లు పేరిందేవిది. ఆవిడకి ఇల్లంటే మహా శ్రద్ధ, అంతకంటే కాస్త ఎక్కువ తొందరపాటు.

చక్కెర ఆ ఇంటి వీధి గుమ్మంలోంచి వచ్చి, పెరటి దారిన మల్లిక రక్తంలోకి పోవాలి. అయితే చక్కెరమ్మ ఒంటరిగా గడప దాటదు. ఉప్పు కవలలు చెరో చెయ్యి పట్టుకోవాలి. అలా వచ్చిన కవలల్ని పెరట్లో ఉండే సూరన్న పంపు కొట్టి బయటికి పంపేసి, బదులుగా పొటాషియం పిల్లల్ని లోపలికి తెస్తాడు. ఆ పిల్లలేమో పెరటి కిటికీలోంచి మళ్ళీ తుర్రుమంటారు.

ఒకరోజు పేరిందేవికి ఒళ్ళు మండింది. "తెచ్చినవాళ్ళు తెచ్చినట్టే పోతుంటే ఇల్లేం బాగుపడుతుంది?" అని కిటికీ మూసి గడియ పెట్టింది. ఆవిణ్ణి చూసి వీధంతా మూసేసింది.

సరిగ్గా అప్పుడే మల్లికకి విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో నీళ్ళు తగ్గి కళ్ళు లోతుకు పోయాయి, లేచి కూర్చోలేకపోయింది. వాళ్ళమ్మ ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టింది. చక్కెరంతా గుమ్మాల ముందుకొచ్చి నిలబడింది. లోపలికి మాత్రం అడుగెయ్యదు!

పేరిందేవి "రా తల్లీ" అని బతిమాలింది. రాలేదు. ఆ తర్వాత గుమ్మం కడిగి ముగ్గేసింది. అయినా రాలేదు. అప్పుడు ఉప్పు కవలల్ని అడిగింది, "మీకేమొచ్చిందర్రా?"

"లోపలికి లాగే లాగుడే లేదత్తా! ఇదివరకు గుమ్మం దగ్గరికొస్తే చాలు, సర్రున లాగేసేది," అన్నారు వాళ్ళు.

పేరిందేవి ఇల్లంతా కలయజూసింది. గుమ్మం అదే, చక్కెర అదే. మరి ఏం మారింది? కిటికీ!

పరుగున వెళ్ళి గడియ తీసింది. పొటాషియం పిల్లలు బిలబిలా బయటికి పోయారు. వాళ్ళు పోయినకొద్దీ ఇంట్లో ఒక వెలితి. ఆ వెలితే లాగుడు! ఉప్పు కవలలు సర్రున లోపలికొచ్చారు, వాళ్ళ చేతులు పట్టుకుని చక్కెర, ఆ వెనకే నీళ్ళు. "కిటికీలు తీయండర్రా!" అని పేరిందేవి వీధంతా వినబడేలా కేకేసింది.

సాయంత్రానికి మల్లిక లేచి కూర్చుంది. "అమ్మా, చారన్నం పెట్టవూ?" అంది. లోపల పేరిందేవి ఆ మాట విని కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ గడియ జోలికి పోలేదు.

ఉప్పు ఇంటికి, చక్కెర ఒంటికి,
కథ కంచికి, నిద్ర నీ కంటికి.