గుమ్మడిపాలెం మైకు తాళం

...అదే అక్కా, మొన్నట్నుంచి చెబుతా చెబుతా అంటూ నాన్చేశాను, ఏమీ అనుకోకు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు మరి. మా గుమ్మడిపాలెంలో ఈసారి క్రిస్మస్ ఎలా జరిగిందని అడిగావు కదా, దైవాధీనం వాళ్ళింటి సంగతి చెప్పకుండా అది చెప్పలేను.

ఆ ఇంట్లో ముగ్గురు. దైవాధీనం, వాళ్ళావిడ సంతోషమ్మ, తమ్ముడు తీతు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ గడప లోపలే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. జనాభా లెక్కలాయన వచ్చి ఇంట్లో ఎంతమంది అంటే, ఇందాకటిదాకా ముగ్గురం, తమరొచ్చారు కాబట్టి నలుగురం అన్నాడట దైవాధీనం. ఆయన నాలుగిళ్ళు దాటాక వెనకే పరిగెత్తి, ఇప్పుడు మళ్ళీ ముగ్గురం అయ్యాం, దిద్దుకోండి అన్నాడట. గవర్నమెంటు వాళ్ళకే లెక్క నేర్పానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

డిసెంబరు వస్తే మా ఊళ్ళో పొద్దున్నే చర్చి మైకులో కబుర్లు చదువుతారు. క్యారల్స్ ఏ వీధికి వస్తాయి, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఎవరి గేదె ఈనింది, అన్నీ. ఎప్పుడూ రాజరత్నం చదివేవాడు. దైవాధీనం చిన్నప్పట్నుంచీ ఆ మైకు స్తంభం కింద నిలబడి పైకి చూసేవాడు. దేవుడు ఒక్క కోరిక తీరుస్తానంటే మైకు గది తాళం అడుగుతానని పెళ్ళిచూపుల్లోనే సంతోషమ్మకి చెప్పేశాడు. ఈ ఏడు రాజరత్నానికి గొంతు పూడుకుపోయింది. ఇంకేముంది, దైవాధీనం వెళ్ళి పాస్టరయ్యగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆయనది మెత్తటి మనసు. సరే, పండగ దాకా చదువు, ఊరికి నచ్చితే తాళం నీకే, లేకపోతే మళ్ళీ రాజరత్నానికే అన్నారు. కాగితం చేతికిచ్చి, ఇందులో ఏముందో అదే చదువు, నీ సొంత తెలివి కలపకు అని మరీ మరీ చెప్పారు.

అంతే. మర్నాడు పొద్దున్నే మైకు గురగురమంది. గురువారం క్యారల్స్ తూర్పు వీధి నుంచి మొదలు అని చదివాడు. బాగానే ఉంది. ఆ కింద అయ్యగారు తన కోసం ఏదో రాసుకుని కొట్టేశారు. దైవాధీనం గొంతు సవరించుకుని, "ఇక్కడ ఒక అడ్డగీత ఉందండి. గీత కింద ఏముందంటే, చిన పీటరుని పాడనివ్వకూడదు, దున్నపోతు గొంతు" అని చదివేశాడు. ఆఖర్న, వెనక చూడుము అని ఉంది. వెనక్కి తిరిగి చూసి, వెనక గోడ ఉందండి, గోడకి బల్లి ఉందండి అని కూడా చెప్పాడు.

ఇంకేముంది, చిన పీటరు డోలక్కు చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. ఊరికున్నది ఆ ఒక్క డోలక్కే. అయ్యగారు ఆ గుమ్మంలో పూటంతా నిలబడి బతిమాలుకుని తెచ్చుకున్నారు. తెచ్చుకుని దైవాధీనాన్ని పిలిచి, రాసినదల్లా చదివేయడమేనా నాయనా, నిజమో కాదో కళ్ళతో చూసుకుని మరీ చెప్పాలి అన్నారు.

సరే కళ్ళతోనే చూద్దాం అనుకున్నాడు. తర్వాతి కాగితంలో ముసలి సలోమమ్మకి షుగరు పెరిగింది, ప్రార్థించండి అని ఉంది. దైవాధీనం వెళ్ళి ఆవిడ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఎందుకొచ్చావురా అంటే, చూడ్డానికి అన్నాడు. ఎంతసేపు చూస్తావురా అంటే, నిజం తేలేదాకా అన్నాడు. మర్నాడు మైకులో, "సలోమమ్మ గారికి షుగరు పెరిగిందని రాశారు. నేను చూశాను. దిండు కింద కజ్జికాయలు నాలుగున్నాయి. మూడు ఆవిడ తిన్నారు, ఒకటి నాకిచ్చారు. కొబ్బరి బాగా పడింది" అన్నాడు.

అంతే, కోడలు దిండు దులిపి, బీరువా దులిపి, బియ్యం డబ్బా దాకా దులిపేసింది. పక్షం రోజుల నుంచి లేవలేనన్న సలోమమ్మ కర్ర పట్టుకుని చర్చి దాకా గబగబా నడిచొచ్చింది. ప్రార్థన ఇంత తొందరగా పనిచేయడం తానెక్కడా చూడలేదని సంతోషమ్మ చేతులు జోడించింది. అయ్యగారు ఆ కర్రకి అడ్డం నిలబడి, ఇక మనుషుల సంగతులు నువ్వు చెప్పకు, ఎవరి కబురు వాళ్ళ నోటితోనే మైకులో చెప్పించు అన్నారు.

ఇది బాగుంది, మనకి శ్రమ తప్పింది అనుకున్నాడు దైవాధీనం.

పండగ మూడు రోజులుందనగా రాజరత్నం మేక తప్పిపోయింది. తీతు దాన్ని చర్చి వెనక పట్టుకున్నాడు. మరి ఈ కబురెవరిది అని అన్నదమ్ములిద్దరూ ఆలోచించారు. తప్పిపోయిందెవరు, మేక. దొరికిందెవరు, మేక. కాబట్టి మేకే చెప్పాలి. ఇద్దరూ కలిసి దాన్ని మైకు గదిలోకి ఎత్తుకొచ్చి స్టూలెక్కించారు. "చెప్పమ్మా, ఎక్కడికెళ్ళావో ఊరికి చెప్పు" అన్నాడు దైవాధీనం. ఊరంతా వింటోంది. మేక నోరెత్తదు. కొత్త కదా అన్నయ్యా, సిగ్గుపడుతోంది, మనం అటు తిరుగుదాం అన్నాడు తీతు. ఇద్దరూ గోడవైపు తిరిగారు. అంతే, మేక మైకు మీది స్పాంజి తినేసింది, తర్వాత వైరు తినేసింది. మైకు ఒక్కసారి కుయ్యిమని ఊరుకుంది.

అయ్యగారు అరుగు మీద కూలబడ్డారు పాపం. ఊళ్ళో తూర్పు వీధికీ పడమటి వీధికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఈసారి ప్రేమవిందులో అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టాలని ఆయన ఆశ. మైకు లేకుండా పిలుపులు ఎలా అందుతాయి? చివరికి ఆ ముగ్గుర్నే పిలిచారు. పండగనాడు పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి మధ్యాహ్నం విందుకి పిలవండి, ఒక్క ఇల్లూ వదలొద్దు, ఎవరూ లేకపోతే తలుపుకి చీటీ అంటించి రండి, జనం నిండుగా వస్తే తాళం నీదే దైవాధీనం అన్నారు. దైవాధీనానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముగ్గురూ కూర్చుని చీటీలు రాశారు. 'పిలవడానికి వచ్చాము. ఇంట్లో ఎవరూ లేరు.'

ఇక చూడు అక్కా, ఒక్క ఇల్లు వదిలితే ఒట్టు. తూర్పు వీధి, పడమటి వీధి, మూసేసిన రైసు మిల్లు, కోళ్ళ గూళ్ళు, పోస్టు డబ్బా, అన్నీ పిలిచారు. రామాలయం పూజారి గారినీ పిలిచారు. ఆయన పులిహోర ఉందా అని అడిగి వచ్చి కూర్చున్నారు. మమ్మల్ని కూడా పిలిచారా అని తూర్పు వీధి వాళ్ళు, మమ్మల్ని కూడానా అని పడమటి వీధి వాళ్ళు, ఆ ఆశ్చర్యంతోనే రెండు వీధులూ వచ్చేశాయి. అయ్యగారి సంతోషం చెప్పలేను. ఎవరో కొత్త వైరు తెచ్చి మైకు కూడా బాగుచేశారు. అయ్యగారు తాళం చేత్తో పట్టుకుని, దైవాధీనం ఏడీ అన్నారు.

దైవాధీనం లేడు. సంతోషమ్మ లేదు, తీతూ లేడు.

అసలేమైందంటే, అందరినీ పిలిచి చెమటలు కక్కుకుంటూ ముగ్గురూ బట్టలు మార్చుకుందామని ఇంటికొచ్చారు. చూస్తే వాళ్ళ తలుపుకీ చీటీ ఉంది. దైవాధీనం చీటీ చదివి తల కొట్టుకున్నాడు. పాపం ఎవరో మనల్ని పిలవడానికి వచ్చారే, మనం లేకపోయామే అన్నాడు. ఎవరొచ్చారని ఆరా తీస్తే, నేనే అన్నయ్యా, మనదీ ఇల్లే కదా, వచ్చాను, ఎంత కొట్టినా ఎవరూ పలకలేదు అన్నాడు తీతు. మళ్ళీ వస్తావా అని అడిగింది సంతోషమ్మ. వచ్చేవాణ్ణే గానీ వదినా, నేనిప్పుడు ఇంట్లో ఉన్నాను కదా అన్నాడు. పిలవని విందుకి వెళ్తే పరువేం కాను. అంతే, ముగ్గురూ కడుపులో కాళ్ళు పెట్టుకుని లోపల కూర్చున్నారు. బిర్యానీ వాసన కిటికీలోంచి వస్తోంది, తీతు లొట్టలేస్తున్నాడు.

అప్పుడు అయ్యగారే స్వయంగా వచ్చారు. తాళం చేతిలోనే ఉంది. తలుపు కొట్టారు. దైవాధీనం లేవబోతే సంతోషమ్మ చెయ్యి పట్టి ఆపింది. మనం రాసి అంటించిన మాట మనమే అబద్ధం చేస్తామా అంది. అని గొంతెత్తి, "తలుపు మీద చూడండి అయ్యగారూ, ఇంట్లో ఎవరూ లేరు" అంది.

మరి మాట్లాడేదెవరమ్మా అన్నారు ఆయన.

"ఎవరూ లేరండీ" అన్నారు ముగ్గురూ.

అయ్యగారు జేబులో పెన్ను తీసి, ఆ చీటీ మీదే కింద ఇంకో వరస రాసి వెళ్ళిపోయారు. అడుగుల చప్పుడు పోయాక దైవాధీనం మెల్లగా తలుపు తీసి చూశాడు. 'మైకు తాళం రాజరత్నానికి ఇచ్చేస్తున్నాను' అని ఉంది. అదీ అయ్యగారి చేతిరాత. ఇంకేముంది, దైవాధీనం ఒళ్ళు పొంగిపోయింది. చూశారా, ఎంతైనా నమ్మకం మనమీదే, కొత్త కబురు మళ్ళీ మన చేతికే ఇచ్చారు అన్నాడు. ముగ్గురూ ఆ చీటీ పీక్కుని, విందు కూడా మానుకుని, మళ్ళీ మొదటింటి నుంచి మొదలుపెట్టి, తాళం రాజరత్నానికి ఇచ్చేశారహో అని చెప్పుకుంటూ ఊరంతా... ఊళ్ళో ఇళ్ళల్లో ఎవరున్నారు, అందరూ విందులోనే కదా, అందుకని ప్రతి తలుపుకీ మళ్ళీ చీటీలు... ఆఁ ఎవరూ? గ్యాసు బండా? ఆగమను, ఖాళీ బండ పెరట్లో ఉంది, వస్తున్నా...