రిలీవర్ వచ్చేదాకా

గెలిచి ఐదు రోజులైనా తాతాజీకి గురువుగారి ఎదుటపడే ధైర్యం చాల్లేదు. ఎలా చాలుతుంది? ఎన్నికల్లో ఓడించింది ఆయన్నే మరి!

సుబేదారు పాపయ్యగారు ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి, ఊరికొచ్చి నీటిపంపుల కార్ఖానా పెట్టిన మనిషి. జనమే బతిమాలి రెండుసార్లు పార్లమెంటుకు పంపారు. కార్ఖానా కొలిమి దగ్గర తాతాజీకి పని నేర్పిందీ, తర్వాత చేతికి మైకు ఇచ్చిందీ ఆయనే. ఈసారి తాతాజీ వేరే పార్టీ జెండా పట్టి ఆయన మీదే పోటీకి దిగాడు.

"ముసలాయన ఇంకా ఎంపీ ఆఫీసు వదల్లేదండి. రోజూ పొద్దున్నే వచ్చేత్తున్నాడు," అని అనుచరులు ఎగదోశారు.

తాతాజీకి భయం పోయి కోపం వచ్చింది. ఓడిపోయాక కూడా కుర్చీ మీద ఇంత మమకారమా! ఐదు కార్లేసుకుని బయల్దేరాడు.

ఆఫీసు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పాపయ్యగారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఒక ముసలమ్మ అర్జీ చదువుతున్నారు. ఆయన కుర్చీ మీద దుమ్ము పేరుకుని ఉంది. ఐదు రోజులుగా అందులో ఎవరూ కూర్చున్నట్టు లేదు.

శిష్యుణ్ణి చూడగానే ఆయన నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు.

"మూడు పనులు మిగిలాయండి, ఎంపీ గారూ. సరిహద్దులో పోయిన జవాను భార్యకి పెన్షన్ రావాలి. ఢిల్లీకి రెండుసార్లు రాశాను. ఏటిగట్టు కోతపడ్డ చోట వానలు రాకముందే రాళ్లు పోయించాలి. ఈవిడ మనవరాలికి గురువారం గుండె ఆపరేషన్. ఆస్పత్రికి మీరు ఫోన్ చెయ్యాలండి."

తాళాలూ అర్జీల కట్టా శిష్యుడి చేతిలో పెట్టి, అప్పుడు గుమ్మం దగ్గరికెళ్లి చెప్పులేసుకున్నారు.

తాతాజీ గుమ్మం దాకా వెంట వెళ్లాడు. "ఓడిపోయిన రోజే వెళ్లిపోవచ్చు కదండీ, గురువుగారూ?"

పాపయ్యగారు వెనక్కి తిరిగారు. "తర్వాతి షిఫ్టు రిలీవర్ రాకుండా కొలిమి వదిలేసి పోతామేంట్రా? ఐదు రోజులు ఆలస్యంగా వచ్చావు, తాతాజీ."

ఆయన ఆ కార్ల పక్కనుంచే నడుచుకుంటూ వెళ్లిపోయారు.

తాతాజీ మెడలో కండువా తీసి కుర్చీ దుమ్ము దులిపాడు. ముసలమ్మని చెయ్యి పట్టుకుని అందులో కూర్చోబెట్టాడు. తను ఎదురుగా నిలబడ్డాడు.

"గురువారం ఎన్ని గంటలకమ్మా?" అన్నాడు.